వట్టి మెట్ల మీద పియానో

సినిమా అయిపోయి పేర్లు పడుతున్నప్పుడు ‘పియానో’ అన్న మాట పక్కన ఒక సాఫ్ట్‌వేర్ పేరు వేశారు. ఆ పియానో వాయించింది నేను.

ముందు ఈ ముక్క చెప్పాకే మిగతాది చెబుతాను. పాటలు కట్టే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒక్కటే: “మాస్టర్, ఏ కీబోర్డు కొనమంటరు?” ఆ ప్రశ్నకూ ఈ అన్యాయానికీ చుట్టరికం ఉంది. కీబోర్డును ఎందుకంత చూసి చూసి కొనాలో తెలిసిన మనిషి పియానో పక్కన సాఫ్ట్‌వేర్ పేరు రాయడు.

నా పేరు చింతల దేవదానం. పుట్టింది లక్సెట్టిపేట దగ్గర. బతుకంతా కరీంనగర్‌లో పాటలకు బాణీలు కట్టి, వాయించి గడిపాను. భజన క్యాసెట్లు, జానపదాలు, బడి వార్షికోత్సవాలు, కేబుల్ టీవీలో బట్టల దుకాణాల ప్రకటనలు, ఈ మధ్య చిన్న సినిమాలు. సంగీతం ఏ గురువు దగ్గరా కూర్చుని నేర్చుకోలేదు. బడి చదువూ అంతంతే. కీబోర్డుల వెంట వచ్చే ఇంగ్లీషు పుస్తకాలను డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్కో మాటా విప్పుకుంటూ చదివాను. ఆ మాటలను నేను పలికే తీరు విని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీ. వాళ్లలో ఆ పుస్తకం చివరిదాకా చదివినవాణ్ని ఒక్కణ్ని కూడా చూడలేదు.

కాలితో నేర్చిన పని

మా వైపు హార్మోనియాన్ని పెట్టె అంటారు. మామూలు పెట్టెకు ఎడమ చేత్తో వెనక తిత్తి ఆడించాలి. మా మిషన్ చర్చిలో ఉన్నది కాలి పెట్టె. కింద రెండు పలకలుంటాయి. కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కుతుంటే లోపల గాలి నిండుతుంది, రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి. మెట్టును మెల్లగా నొక్కినా, కోపంతో గుద్దినా వచ్చే చప్పుడు ఒకటే. హెచ్చూ తగ్గూ అంతా కాలిలో ఉంది.

మా బాపు ఆ చర్చికి కావలివాడు. ఆయనకు రాగాలు తెలియవు కానీ పెట్టె గుట్టు తెలుసు. “తొక్కుడు ఆపకు బిడ్డా, ఆపితె పెట్టె సచ్చిపోతది” అనేవాడు. చరణం చివర జనమంతా ఊపిరి తీసుకుంటారు కదా, అక్కడ మాత్రం కాలు కొంచెం తేలిక చేయమనేవాడు. “ఆళ్లతోని నువ్వు గూడ ఊపిరి తీస్కో.” నాకు దొరికిన సంగీత శాస్త్రం ఇంతే. ఇది తక్కువదని నేను ఎన్నడూ అనుకోలేదు.

రషీద్ భాయ్ స్టూడియో

కరీంనగర్‌లో నాకు పని ఇచ్చింది రషీద్ భాయ్. క్యాసెట్ల కాలంలో ఆయన స్టూడియో ఒక దుకాణం వెనక గది. గోడలకు పాత పరుపులు కొట్టి ఉండేవి. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. రికార్డు చేసిన పాటను ఎదురుగా చాయ్ హోటల్‌కు తీసుకుపోయి, అక్కడి పాత టేప్ రికార్డర్‌లో వేయించి వినేవాడు. స్టూడియోలో ఎంత బాగున్నా ఆయనకు లెక్క లేదు.

ఒకసారి నేను ఆటోమేటిక్ తాళం ఉన్న కొత్త కీబోర్డు మోజులో పడి, ఒక ఉయ్యాల పాట నిండా అన్ని మీటలూ నొక్కి వాయించాను. చాయ్ హోటల్‌లో విని ఆయన తల పట్టుకున్నాడు.

“అరె దేవదానం, జర ఆగు భాయ్. పాట పాడే పిల్లకు ఊపిరి తీసే సందు ఇస్తలేవు నువ్వు. గీ మెషిన్ కొట్టుడేంది, నువ్వు కూసునుడేంది?”

“కొత్తగున్నది గద భాయ్.”

“కొత్తగుంటె నాకెందుకు? నీ చెయ్యి ఏడున్నదో చూపియ్యి.”

పాట మళ్లీ చేశాం. ఈసారి మీటలు లేవు, నా చేతులే ఉన్నాయి. ఆ పాట హుస్నాబాద్ సంతలో కూడా విన్నాను. నా చెయ్యి ఏది అన్న ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

రషీద్ భాయ్ మీద నాకు ఒకే ఒక్క కోపం. క్యాసెట్ కవరు మీద పాడినవాళ్ల పేరు వేసేవాడు, పాట రాసినవాళ్ల పేరు వేసేవాడు, మాకు ‘వాద్య సహకారం: బృందం’ అని వేసేవాడు. అడిగితే, “కవర్ మీద జాగ లేదు భాయ్” అనేవాడు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది ఆ కవరు, నిజంగానే జాగ లేదు. అందుకే ఊరుకున్నాను. సినిమా తెరకు ఏమొచ్చింది? గోడంత ఉంది. అక్కడా జాగ లేదా?

“దీంట్ల ఏమున్నది?”

క్యాసెట్లు పోయి కంప్యూటర్లు వచ్చాక పియానో మీద మనసు పడింది. అసలు పియానో కొనే తాహతు, పెట్టే ఇల్లు నాలాంటి వాళ్లకు ఉండవు. దానికి బదులు శాంపిల్ లైబ్రరీ అని ఉంటుంది. ఎక్కడో మంచి హాల్లో మంచి పియానో చుట్టూ మైకులు పెట్టి, ఒక్కో మెట్టునూ మెల్లగా ఒకసారి, కొంచెం గట్టిగా ఒకసారి, బాగా గట్టిగా ఒకసారి కొట్టి, ఆ చప్పుళ్లన్నీ విడివిడిగా దాచి అమ్ముతారు. మనం మన కీబోర్డు మీద మెట్టు నొక్కితే, ఎంత జోరుగా నొక్కామో ఆ కీబోర్డు కంప్యూటర్‌కు చెబుతుంది. కంప్యూటర్ దానికి తగ్గ చప్పుడు తీసి ఇస్తుంది. ఆ కీబోర్డును కంట్రోలర్ అంటారు.

ఇదంతా తెలియకముందే హైదరాబాద్‌లో ఒక దుకాణానికి పోయాను. అమ్మే పిల్లవాడు నన్ను చూడగానే లెక్క కట్టేశాడు.

“చర్చికా అంకుల్, భజనకా?”

“పాటలు కట్టనీకి.”

“అయితె అరవై ఒక్క మెట్లది చాలు. ఎనభై ఎనిమిది మీకెందుకంకుల్, ఈ వయసుల మోస్తరా?”

“నేనెందుకు మోస్త? అదే నన్ను మొయ్యాలె” అని పెద్దదాని ముందు కూర్చున్నాను. మెట్టు నొక్కాను. చప్పుడు లేదు. ఇంకోటి నొక్కాను, లేదు.

“ఇది ఖరాబైంది గద బాబూ.”

వాడు పక్కవాణ్ని పిలిచి మరీ నవ్వాడు. “దీంట్ల సౌండ్ ఉండదంకుల్! సౌండ్ కంప్యూటర్ల ఉంటది.”

“మరి దీంట్ల ఏమున్నది?”

“ఏముంటది, వట్టి మెట్లే.”

వాళ్లు నవ్వారు కానీ నాకు మాత్రం బుర్ర వెలిగింది. చప్పుడు లైబ్రరీది. అది నాదైనా, ముంబైలో ఇంకొకడిదైనా అదే చప్పుడు. ఇద్దరికీ తేడా వచ్చేది ఈ వట్టి మెట్ల దగ్గరే. రషీద్ భాయ్ అడిగిన చెయ్యి ఉండేది ఇక్కడే. ఆ రోజు కొనకుండా వచ్చేశాను. మళ్లీ పోయినప్పుడు నా సొంత కంప్యూటర్, నా లైబ్రరీ, నా హెడ్‌ఫోన్లు సంచిలో వేసుకుపోయి, వాటితో వాయించి చూసి కొన్నాను. దుకాణంలో వాళ్లు పెట్టిన చప్పుడుతో కీబోర్డు చూడడం, పొరుగింటి కూరతో మన బియ్యం రుచి చూడడం లాంటిది.

కొనేవాళ్లు కోపం తెచ్చుకోకుండా వినండి

ఎనభై ఎనిమిది మెట్లూ ఉన్నదే తీసుకోండి. పాట కడుతున్నప్పుడు ఎడమ చెయ్యి కింద మంద్రంలో ఉండి, కుడి చెయ్యి పైన ఎక్కడో తిరుగుతుంటుంది. చిన్నదానిలో మీట నొక్కి స్థాయి మార్చుకోవచ్చని అంటారు. మీట నొక్కేలోగా వచ్చిన బాణీ వచ్చిన దారినే పోతుంది.

మెట్లు బరువుగా ఉండాలి, లోపల సుత్తి ఉన్న రకం. చూసేటప్పుడు అందరూ జోరుగా వాయించి చూస్తారు. జోరుగా ఏదైనా పలుకుతుంది. మీరు మెల్లగా వాయించి చూడండి. నిద్రపోతున్న పిల్ల చెంప తాకినంత మెల్లగా నొక్కితే అంత మెల్లని చప్పుడు రావాలి. కొన్నింటిలో అసలు రాదు, కొన్నింటిలో ఉలిక్కిపడి పెద్దగా వస్తుంది. రెండూ వద్దు. నల్ల మెట్ల సందులో లోపలికంటా వేలు పెట్టి నొక్కండి, అక్కడ మొద్దుబారిపోయేవి చాలా ఉన్నాయి. ఒకే మెట్టును పూర్తిగా పైకి రాకముందే మళ్లీ కొట్టి చూడండి, పలకాలి.

రంగురంగుల దీపాలు, తట్టే రబ్బరు గడులు, వరసగా తిప్పుడు గుండీలు చూసి మోసపోవద్దు. పెళ్లి కారుకు కట్టిన పూలు అవి. ఆ దీపాలు లేని కీబోర్డులో అదే డబ్బు మెట్లలోకి పోయి ఉంటుంది.

ఇంకొకటి ఏ పుస్తకంలోనూ రాయరు. మీ ఇంట్లో వాళ్లకు మీ సంగీతం వినిపించదు, మెట్ల చప్పుడు వినిపిస్తుంది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని లోకం మరిచి వాయిస్తుంటే, వంటింట్లో నా భార్య సారమ్మకు వినపడేది దడదడే.

“ఏందయ్యా గది, వడ్లు దంచినట్టు? మంచం ఏసుకునే జాగల పెట్టె పెట్టినవ్, గా దంచుడు ఇంకెన్ని దినాలు?”

“పియానో ఇది సారమ్మా.”

“నీ చెవులకు పియానో. నాకు రోకలే.”

నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆమె మాటలోనే నా లోపం ఉంది. దడదడ అంతా ఒకే తీరుగా ఉందంటే నా చేతులు ఇంకా కాలి పెట్టె చేతులే. మెట్టును ఎట్లా కొట్టినా ఒకటే అన్న పాత అలవాటు వేళ్లలో పాతుకుపోయింది. లైబ్రరీలో అన్ని రకాల మెల్లని చప్పుళ్లు దాచి ఉంటే నేను తీసేది ఒక్క గట్టి చప్పుడే. అక్కణ్నుంచి పట్టుబట్టి వేళ్లకు చదువు చెప్పాను. ఒక పూట సారమ్మ గడపలో నిలబడి, “ఇయ్యాల వడ్లు కాదు, పేలాలేవో ఏగుతున్నట్టున్నది” అంది. నాకు అంతకన్నా పెద్ద మెప్పు ఇంట్లో దొరకదు.

కాలు ఆగదు

చేతులు మారాయి కానీ కాలు మారలేదు. పియానోకు కింద పెడల్ ఉంటుంది. తొక్కి ఉంచితే చప్పుడు నిలుస్తుంది, వదిలితే తెగుతుంది. కాలి పెట్టెకు ఇది పూర్తిగా తలకిందులు. అక్కడ తొక్కుతూనే ఉండాలి. నా కాలేమో కుర్చీలో కూర్చున్న మరుక్షణం తొక్కడం మొదలుపెడుతుంది. దాంతో నా పియానోకు ఎక్కిళ్లు పట్టాయి. విన్న ప్రతివాడూ ఒకటే సలహా: “కాలు కదపకుండ్రి మాస్టర్.” కాలిని కుర్చీ కమ్మీ వెనక ఇరికించుకుని కూడా చూశాను. కాలు ఆగింది, దాంతోపాటు బాణీ కూడా ఆగిపోయింది.

చివరికి కీబోర్డు వెంట వచ్చిన పుస్తకంలోనే దొరికింది. పెడళ్లు రెండు రకాలు. ఒకటి స్విచ్చు లాంటిది. ఉంటే ఉంది, లేకుంటే లేదు. ఇంకోటి ఎంత తొక్కితే అంత చెబుతుంది, సగానికి సగం, పావుకు పావు. కొనేటప్పుడు మీ కంట్రోలర్ ఈ రెండో రకాన్ని ఒప్పుకుంటుందో లేదో, మీ లైబ్రరీకి సగం తొక్కుడు అర్థమవుతుందో లేదో తప్పకుండా అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే తెలిసినవాణ్ని పిలవమనండి.

ఆ పెడల్ తెచ్చి పెట్టాను. కాలిని దిద్దలేదు, బాపు నేర్పిన కాలును దాని ఇష్టానికి వదిలేశాను. ఎక్కిళ్లు పోయాయి. చప్పుడు తెగకుండా సన్నబడి, మళ్లీ నిండుతోంది. చరణం చివర కాలు తేలికైనచోట పియానో ఊపిరి తీసుకున్నట్టుంది. సొంతంగా పియానో ఉన్నవాళ్లు, పెద్ద పెద్ద పరీక్షలు రాసినవాళ్లు వాయించగా విన్నాను. వాళ్ల వాయింపు గొప్పదే కావచ్చు, నా వాయింపు మాత్రం వాళ్లెవరి దగ్గరా లేదు. నేను గొప్పలు చెప్పుకుంటున్నానని ఎవరికైనా అనిపిస్తే, అవును, చెప్పుకుంటున్నాను.

సినిమా

పెద్దపల్లి అమ్మాయి శ్రావణి, ఆదిలాబాద్ పత్తి మిల్లులో పనిచేసే ఒకావిడ మీద చిన్న సినిమా తీసింది. సంగీతం కోసం నా దగ్గరికి వచ్చింది. మా జిల్లాల మనిషి అనగానే హైదరాబాద్ వాళ్లకు డప్పు తప్ప ఇంకోటి గుర్తురాదు. డప్పంటే నాకు ప్రాణమే, కానీ మా బతుకంతా డప్పే అన్నట్టు మాట్లాడితే మండుతుంది. ఈ పిల్ల అట్లా అడగలేదు.

“డప్పు వద్దు సార్. ఆమె ఏడ్వదు, ఒర్రదు. మిల్లు గేటు కాడ నిలవడి పైనవడ్డ పత్తి దులుపుకుంటది, గంతే. గా దులుపుకునుడుకు సంగీతం కావాలె.”

నేను కీబోర్డు ముందు కూర్చుని ఆ దృశ్యం చూస్తూ వాయించాను. తర్వాత మౌస్ పట్టి ఒక్క స్వరాన్ని కూడా జరపలేదు. శ్రావణి విని, “ఏం ముట్టుకోకుండ్రి, గిట్లనే ఉండనియ్యిండ్రి” అంది.

కరీంనగర్‌లో ఒక హాల్లో సినిమా చూపించారు, శ్రావణి రాలేకపోయింది. సారమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. చివర పేర్లు వచ్చాయి. ‘జానపద సహకారం’ అని ఎక్కడో నా పేరు ఉంది. ఆ సినిమాలో జానపదం ముక్క లేదు. కింద ‘పియానో’ అన్న మాట పక్కన లైబ్రరీ పేరు.

“నీ పేరేదయ్యా?” అంది సారమ్మ.

“పైన పోయింది గద.”

“పియానో కాడ ఎవరిదో ఉన్నది.”

బయట చెప్పులు వేసుకుంటుంటే మా వీధి పిల్లవాడొకడు ప్రేమగానే అన్నాడు: “మస్తుంది తాతా మ్యూజిక్! కంప్యూటరే కొట్టిందట గద?” ఇంటికి పోగానే సారమ్మ కొత్త చీర కూడా మార్చకుండా నా ఫోన్ తెచ్చి ముందు పెట్టింది.

ఆ సినిమా త్వరలో ఇంటర్నెట్‌లో పెడతారు. ఒకసారి అక్కడికి ఎక్కితే ఇక పేర్లు మారవట. అందుకే మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో పేర్లు వేసిన ఆఫీసుకు ఫోన్ చేశాను. ఒకతను మర్యాదగానే మాట్లాడాడు.

“సార్, మీరు వాడింది శాంపిల్సే కదండీ. అసలు పియానో ఎవరో ఎక్కడో రికార్డు చేసింది.”

“అవును. హార్మోనియం వాయిస్తె, చెక్క కోసి దాన్ని చేసిన వడ్లాయన పేరు రాస్తరా, వాయించినాయన పేరు రాస్తరా?”

“అది వేరు సార్. ఇందులో నోట్స్ మౌస్‌తో కూడా పెట్టేయొచ్చు.”

“పెట్టొచ్చు. నేను పెట్టలే.”

“ఆ సంగతి మాకెలా తెలుస్తుంది సార్?”

ఆ ప్రశ్న న్యాయమైనదే అని ఒప్పుకుంటాను. ఫోన్ పెట్టేసి, నా రికార్డింగ్ అసలు ఫైలు శ్రావణికి పంపాను. వాయించినప్పుడు పెడల్ ఎట్లా కదిలిందో ఆ ఫైలులో గీత గీసినట్టు కనపడుతుంది. మౌస్‌తో పెట్టిన పెడల్ గీత మేడ మెట్లలా తెగి తెగి ఉంటుంది. నాది గోదావరి ఒడ్డున ఇసుకలో నీళ్లు పోయిన గుర్తులా ఉంటుంది, మొదటినుంచి చివరిదాకా లేస్తూ పడుతూ. దాని కింద ఇట్లా రాశాను: “బిడ్డా, లైబ్రరీ చేసినవాళ్ల పేరు తియ్యమంటలేను. వాళ్లది మంచి పని, కింద వేయండి. కానీ సాఫ్ట్‌వేర్‌కు కాళ్లుండవు. ఈ గీత చూసి, ఇది ఎవరి కాలో మీరే రాయండి.”

జవాబు రాలేదు. శ్రావణి ఆదిలాబాద్ అవతల అడవి ఊళ్లలో ఇంకో షూటింగ్‌లో ఉందని, అక్కడ సిగ్నల్ ఉండదని తెలిసింది. ఆఫీసుకు మళ్లీ ఫోన్ చేస్తే, డైరెక్టర్ చెబితే తప్ప ఒక్క అక్షరం కూడా మార్చేది లేదన్నారు. సారమ్మ నా ఫోన్‌ను తన కొంగు దగ్గరే పెట్టుకుని తిరిగింది. మోగిన ప్రతిసారీ, “ఆ పిల్లేనా?” అని అడిగింది. బీమావాళ్లు, బ్యాంకువాళ్లు, మా మరదలు, అందరూ చేశారు, ఆ పిల్ల తప్ప.

పిల్లలారా, ఇది మొండితనమని మీకు తోస్తే తోయనివ్వండి. మీరు కట్టబోయే పాటలన్నీ ఇట్లాంటి వట్టి మెట్ల మీదే కడతారు. ఇవాళ నా పేరు పోనిస్తే రేపు మీ పేరుకు చోటే ఉండదు. కొనేటప్పుడు మెట్టు చూడండి, పెడల్ చూడండి, వాయించాక మీ పేరు ఎక్కడ పడిందో అది కూడా చూడండి.

నిన్న సాయంత్రం సారమ్మ ఫోన్ చేత్తో పట్టుకుని పరుగున వచ్చింది. శ్రావణి పంపిన జవాబు ఇది:

“సార్, జర మాఫ్ చెయ్యిండ్రి, అడవిల ఉండి ఇయ్యాలనే చూసిన. ఆఫీసోళ్లను ఫోన్ల పట్టుకొని గా గీత మొత్తం చూపిచ్చిన. ఇది మనిషి తొక్కిందే అని ఒప్పుకున్నరు. జానపదం కాడ మీ పేరు తీపిచ్చిన. ‘పియానో, సంగీతం: చింతల దేవదానం’ అని పెద్దగ ఏసిండ్రు, లైబ్రరీ పేరు కింద సన్నగ ఉన్నది. ముందట శ్రీ పెట్టాల్నా, మాస్టర్ పెట్టాల్నా అని అడిగిండ్రు. ఏదొద్దు, వాయించినాయన పేరే ఉండాలె అన్న. ఫొటో పంపుతున్న, అక్షరం తప్పుంటె ఇప్పుడే చెప్పుండ్రి సార్, పొద్దుగాల ఎక్కిస్తున్నరు.”